ఇంటి ముందు గన్నేరు ఉందా..? కొమ్మలు కొట్టే రోజే అసలు జాగ్రత్త!

దౌల్తాబాద్: నీళ్లు పోయడం మరిచిపోయినా బతుకుతుంది. మేకలు అంత తేలిగ్గా ముట్టవు. ఏడాదంతా పచ్చగా ఉంటుంది. ఎండాకాలంలో మిగతా మొక్కలు వాడిపోతుంటే ఇది మాత్రం గుత్తులు గుత్తులుగా పూస్తుంది. అందుకే వికారాబాద్ జిల్లాలోని దౌల్తాబాద్, కొడంగల్, తాండూరు వైపు ఇంటి ముందు పెట్టుకోవడానికి గన్నేరు తేలికైన మొక్క. అయితే ఆకు నుంచి వేరు దాకా ఇది విషమే. ఆ మాట మన పెద్దవాళ్లు చెబుతూనే ఉంటారు. చాలామందికి తెలియంది ఇంకోటి ఉంది. చెట్టు మీదున్న పచ్చి ఆకు కన్నా, మనం కొట్టి పారేసిన ఎండు కొమ్మలే పశువులకు ఎక్కువ ముప్పు.

ఈ నేలకు ఎందుకు సరిపోతుంది?

తాండూరు అంటే నాపరాయి. ఆ రాయి సున్నపురాయి జాతిదే. నేలలో సున్నం ఎక్కువున్న చోట నూరు వరహాల మొక్క పెడితే కొత్త ఆకులు పసుపు పచ్చగా మారిపోతాయి, ఈనెలు మాత్రమే ఆకుపచ్చగా మిగులుతాయి. మట్టిలో ఇనుము ఉన్నా, సున్నం వల్ల అది మొక్కకు అందదు. గన్నేరు మాత్రం సున్నపు నేలను, ఎండను, రోడ్డు దుమ్మును తట్టుకుంటుంది. హైవేల డివైడర్ల మధ్య దీన్ని పెంచేది కూడా అందుకే. దీని మొండితనానికి జపాన్‌లోని హిరోషిమానే ఉదాహరణగా చెబుతారు. 1945 అణుబాంబు దాడి తర్వాత ముందుగా పూసిన మొక్కల్లో ఒకటిగా పేరు రావడంతో, అక్కడివాళ్లు దీన్నే తమ నగర పుష్పంగా పెట్టుకున్నారు.

ఎలా నాటాలి?

విత్తనం కోసం చూడనక్కర్లేదు, కొమ్మ చాలు. మృగశిర కార్తె దాటి నాలుగు వానలు పడ్డాక పెన్సిల్ మందం ఉన్న కొమ్మను 6 నుంచి 8 అంగుళాల పొడవున కోయాలి. కింది ఆకులు తీసేసి, ఇసుక కలిపిన మట్టిలో సగం దాకా గుచ్చాలి. తడి ఆరకుండా చూసుకుంటే కొన్ని వారాల్లో వేర్లు వస్తాయి. కొందరు సీసాలో నీళ్లు పోసి కొమ్మ పెడతారు. అలా కూడా వేర్లు వస్తాయి కానీ, ఆ నీళ్లలోకీ విషం దిగుతుంది. సీసాను పిల్లలకు అందని చోట పెట్టాలి, ఆ నీళ్లు కోళ్లు తాగే చోట పారబోయొద్దు.

రోజంతా ఎండ తగిలే చోటే నాటాలి. నీడలో పెడితే ఆకులే తప్ప పూలు రావు. నల్లరేగడి అయితే నీళ్లు నిలవకుండా కాస్త మట్టి ఎత్తు చేసి నాటాలి. మొక్కకు మొక్కకు 5, 6 అడుగుల దూరం ఉండాలి. మొదటి ఏడాది వారానికి ఒకటి రెండు సార్లు నీళ్లు పోస్తే చాలు, తర్వాత అది తన దారి తాను చూసుకుంటుంది. లేత చిగుళ్ల మీద పసుపు రంగు పేనుబంక కనిపిస్తే గట్టిగా నీళ్లు కొట్టినా పోతుంది. తగ్గకపోతే సబ్బు నీళ్లలో వేపనూనె కలిపి చల్లాలి.

కత్తిరింపు ఎప్పుడు?

గన్నేరు కొత్త కొమ్మల చివరే పూస్తుంది. కత్తిరించకుండా వదిలేస్తే 10 అడుగులకు పైగా పెరిగి, కింద బోసిగా, పైన మాత్రమే పూలతో ఉంటుంది. చలి తగ్గాక ఫిబ్రవరిలో మూడో వంతు దాకా కొట్టేస్తే గుబురుగా వచ్చి ఎండాకాలానికి బాగా పూస్తుంది. చేతికి తొడుగులు వేసుకోవాలి. కొమ్మ తెగితే కారే రసం చర్మానికి, కళ్లకు మంట పుట్టిస్తుంది.

అసలు ప్రమాదం ఇక్కడే

పచ్చి ఆకు చేదు కాబట్టి మేకలు, గొర్లు, ఆవులు మామూలుగా దాని జోలికి పోవు. కొట్టిన కొమ్మలు వాడి, ఎండిపోయాక ఆ జంకు తగ్గుతుంది. గడ్డిలో కలిసిపోతే ఏది ఏదో తెలియకుండానే తినేస్తాయి. ఎండినంత మాత్రాన విషం పోదు. ఇందులోని ఒలియాండ్రిన్ గుండె కణాల్లో సోడియం, పొటాషియంలను అటూ ఇటూ పంపే వ్యవస్థను అడ్డుకుంటుంది. దాంతో గుండె లయ తప్పుతుంది. కొద్ది ఆకులే ఒక పశువు ప్రాణం తీయగలవు.

2024లో కేరళలో ఇదే మొక్క పెద్ద చర్చకు దారితీసింది. అక్కడ దీన్ని అరళి అంటారు. అలప్పుళ జిల్లాకు చెందిన ఓ యువ నర్సు అరళి ఆకు నమలడం వల్లే చనిపోయిందన్న అనుమానం రావడం, పత్తనంతిట్ట జిల్లాలో అరళి ఆకులు తిని ఆవు, దూడ చనిపోయాయన్న వార్తలు రావడంతో ఆ ఏడాది మే నెలలో ట్రావెన్‌కోర్, మలబార్ దేవస్వం బోర్డులు నైవేద్యంలో, ప్రసాదంలో ఈ పూలు వాడొద్దని నిర్ణయించాయి.

కొట్టిన కొమ్మలను ఏం చేయాలి?

* రోడ్డు పక్కన, చెరువు గట్టున, పెంటకుప్ప మీద పడేయొద్దు. ఊళ్లో మేకలు తిరిగేది అక్కడే.
* ఆ రోజే అన్నీ ఏరి, లోతుగా గుంత తీసి పూడ్చేయాలి. కింద రాలిన ఆకులు కూడా ఊడ్చాలి.
* పొయ్యిలో కట్టెగా వాడొద్దు, తగలబెట్టొద్దు. పొగ కూడా మంచిది కాదు.
* పుల్లలను పళ్లు తోముకోవడానికి, తినే వాటికి గుచ్చడానికి వాడొద్దు.
* పని అయ్యాక చేతులు, కత్తెర సబ్బుతో కడగాలి.

తిన్నట్టు అనుమానం వస్తే..?

మనుషుల్లో వాంతులు, కడుపునొప్పి, కళ్లు తిరగడం, నాడి నెమ్మదించడం లాంటివి కనిపిస్తాయి. అవి కనిపించే దాకా ఆగొద్దు. బలవంతంగా కక్కించడం, నాటు వైద్యం చేయడం లాంటివి పెట్టుకోకుండా వెంటనే 108కు ఫోన్ చేయాలి. ఏ మొక్క తిన్నారో డాక్టర్‌కు చెప్పాలి, కుదిరితే ఆకు ఫొటో చూపించాలి. ఈసీజీ తీసి గుండెను గమనిస్తూ వైద్యం చేస్తారు. పశువులైతే మేత మానేస్తాయి, పారుతాయి, ఉన్నట్టుండి కూలబడతాయి. 1962కు గానీ, దగ్గర్లోని పశువుల డాక్టర్‌కు గానీ వెంటనే చెప్పాలి.

మరి పెంచాలా, వద్దా?

పాకే పిల్లలున్న ఇంట్లో, కొట్టం పక్కన, బడి ఆవరణలో గన్నేరు వద్దు. పసుపు పూల పచ్చ గన్నేరు కూడా అంతే, గన్నేరు పప్పు అని మనం భయపడేది దాని గింజకే. అలాంటి చోట మందారం పెట్టుకోండి. మేక తిన్నా మొక్క పోతుందే గానీ మేక పోదు. ప్రహరీ లోపల, పశువులు రాని చోటైతే గన్నేరు నిశ్చింతగా పెంచుకోవచ్చు. కాకపోతే కత్తెర పట్టే ముందే గుంత తవ్వి పెట్టుకోండి. మనింట్లో కొట్టిన కొమ్మ పక్కింటి మేక ప్రాణం మీదికి రాకూడదు కదా!