నాడి అందని వ్యాధి

రోగిని చూడవచ్చిన వైద్యుడు మొదట మణికట్టు పట్టుకొని నాడి చూచుట మన దేశమున తరతరములుగా వచ్చుచున్న ఆచారము. నాడి అందలేదనగానే ఇంటిల్లిపాదియు బెంబేలెత్తుదురు. అయినను మణికట్టున నాడి అందకయే నడచుచు, మాటలాడుచు, ఇంటిపనులు చక్కబెట్టుకొనుచుండువారు కలరు. వారిలో అధికసంఖ్యాకులు స్త్రీలు. అందును 40 ఏండ్ల లోపువారు. వారికి కలుగు వ్యాధిని గూర్చి శ్రోతలకు కొంత విన్నవింతును.

1908వ సంవత్సరమున జపాను దేశమున తకయాసు అను నేత్రవైద్యుడు 21 ఏండ్ల యువతి కన్నులను పరీక్షించి, కంటి వెనుకటి పొరలో సన్నని రక్తనాళములు ఒకదానితో నొకటి కలిసికొని దండవలె చుట్టుకొనియుండుట చూచి, ఆ వింతను సాటి వైద్యులకు తెలియజెప్పెను. అది విని, ఓనిషి, కాగోషిమా అను మరి యిద్దరు వైద్యులు తాము చూచిన ఇట్టి రోగులకు మణికట్టున నాడి అందలేదని చెప్పిరి. కంటికిని చేతికిని సంబంధమేమి? హృదయమునుండి బయలుదేరు బృహద్ధమనియు, తలకును చేతులకును రక్తమును కొనిపోవు దాని శాఖలును ఈ వ్యాధిలో వాచి, గోడలు మందమై, లోపలి దారి ఇరుకగును. కాలువలో పూడిక పడినచో చివరి చేలకు నీరందదు గదా! ఇచట పూడిక వెలుపలినుండి వచ్చినది కాదు. గట్టే ఉబ్బి దారిని మూయుచున్నది. శరీరమును కాపాడవలసిన రక్షణశక్తియే దారితప్పి రక్తనాళములపై తిరుగబడుట ఇందులకు కారణము. అది ఏల దారితప్పునో ఇంకను తేలలేదు. క్షయతో సంబంధము కలదేమో యను శంక చిరకాలముగా నున్నది గాని ఋజువు కాలేదు.

తొలిదశలో ఈ వ్యాధిని పోల్చుట కష్టము. కొద్దిపాటి జ్వరము, నీరసము, కీళ్లనొప్పులు, బరువు తగ్గుట - ఇవి ఏ వ్యాధికి లేవు? పిమ్మట తల దువ్వుకొనునప్పుడు, బట్టలు ఉతుకునప్పుడు చేయి త్వరగా అలసి నొప్పిపెట్టును. కొంతసేపు విశ్రమించిన తగ్గును. కొందరికి తలతిరుగుట, చూపు మసకలు కమ్ముట, మెడప్రక్కన నొక్కిన నొప్పి కలుగును. రెండు చేతుల రక్తపుపోటులో 10 మిల్లీమీటర్లకు మించిన తేడా యున్నను, జత్రుకపైన స్టెతస్కోపు నుంచగా గాలి ఊదినట్టి చప్పుడు వినవచ్చినను వైద్యుడు అనుమానింపవలెను. పిదప స్కానింగు పరీక్షలతో రక్తనాళముల స్వరూపమును చూచి నిర్ధారణ చేయుదురు. రక్తపరీక్షలు బాగుగనే యున్నంతమాత్రమున వ్యాధి అణగినదని నమ్మరాదు.

మన దేశమున ఒక చిక్కు కలదు. ఇచట ఈ వ్యాధి ఉదరభాగపు ధమనిని, మూత్రపిండములకు పోవు శాఖలను తరచుగా పట్టును. అందువలన రక్తపుపోటు మిక్కిలి హెచ్చును. కాని చేతి ధమని మూసికొనియున్నచో అచట కొలిచిన పోటు తక్కువగనే కనబడును! లోపల గుండెకును మెదడుకును ముప్పు పెరుగుచుండగా కాగితముమీద అంతయు సవ్యముగ నుండును. కావున నాలుగు అవయవములందును కొలిచి చూడవలెను. యౌవనమున నున్న స్త్రీకి రక్తపుపోటు హెచ్చినచో అది మనోవ్యాకులతయేయని చెప్పి పంపివేయుటకంటె హానికరమైన తొందర వేరొకటి లేదని నా అభిప్రాయము.

చికిత్సకు ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడు మందు ప్రధానము. హెచ్చు మోతాదుతో మొదలిడి, నెలల తరబడి మెల్లమెల్లగా తగ్గింతురు. ముఖము ఉబ్బినదనియో, బాగుగ నున్నదనియో రోగి తనంతట తాను హఠాత్తుగా మానుట ప్రమాదకరము. దీనికి తోడుగా మెథోట్రెక్సేట్, అజథయోప్రిన్ మున్నగునవి వాడుదురు. వాడుటకు ముందు క్షయ లేదని చూచుకొనుట అవసరము. ఇరుకైన నాళమును బుడగతో వెడల్పు చేయుటయు, శస్త్రచికిత్సతో ప్రక్కదారి కల్పించుటయు కలవు గాని, సాధ్యమైనంతవరకు వాపు అణగిన పిదపనే వానికి పూనుకొందురు.

వివాహము, సంతానము కూడదేమో యని తల్లిదండ్రులు దిగులు చెందుట సహజము. వ్యాధి అదుపులో నున్నప్పుడు, వైద్యుల పర్యవేక్షణలో, పెక్కుమంది సురక్షితముగా ప్రసవించుచున్నారు. అయితే మెథోట్రెక్సేట్ గర్భస్థశిశువునకు హానికరము గనుక కొన్ని నెలల ముందుగనే మాన్పింతురు. ఏ చేతిలోనో, ఏ కాలిలోనో పోటు సరిగా తెలియునో ముందే గుర్తించి చీటిలో వ్రాయించుకొన్నచో, ప్రసవ సమయమున క్రొత్తగా వచ్చిన నర్సు సైతము పట్టీని సరియైన చోటనే కట్టగలదు.