ఆన్‌లైన్ సువార్త: చెప్పడం కన్నా వినడం ముఖ్యం

సువార్త ప్రసార సాధనాల దాకా రావడం కొత్తేమీ కాదు. వాటికన్ రేడియో 1931లోనే మొదలైంది. తర్వాత టీవీ వచ్చింది. రెండింటిలోనూ ఒకరు చెబుతారు, మిగతావారు వింటారు. ఇంటర్నెట్ వచ్చాక విన్నవారు వెంటనే ప్రశ్న వేయగలరు, కాదనగలరు, తమ కష్టం చెప్పుకోగలరు. అసలైన మార్పు ఇదే.

అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రానికి చెందిన లైఫ్ చర్చ్‌నే చూడండి. ఆ సంఘం 2006లో ఆన్‌లైన్ ఆరాధన మొదలుపెట్టింది. ఆరాధన ప్రసారమవుతుంటే పక్కనే చాట్ నడుస్తుంది. అందరి ముందూ చెప్పుకోలేనివారు ప్రార్థన కోరితే, ఒకరు వారితో విడిగా మాట్లాడి ప్రార్థిస్తారు. 2008లో అదే సంఘం యూవెర్షన్ బైబిల్ యాప్‌ను ఉచితంగా అందించింది. అందులో తెలుగు బైబిల్ కూడా ఉంది. స్నేహితులు కలిసి ఒకే భాగం చదువుతూ దాని గురించి మాట్లాడుకోవచ్చు.

ఇలాంటి చోటికి సందేహంతో వచ్చేవారుంటారు, దుఃఖంతో వచ్చేవారుంటారు, ఊరికే చూద్దామని వచ్చేవారూ ఉంటారు. చాలామంది మొదట మాట్లాడరు, చదువుతారంతే. తమలాంటివారి ప్రశ్నకు మర్యాదగా జవాబు దొరికిందని చూశాకే నోరు విప్పుతారు. అంటే ఒక్కరికి ఇచ్చిన జవాబు ఎందరికో చేరుతుంది. ఒక్కరిని ఎద్దేవా చేస్తే, పలకని ఆ మిగతావారూ దూరమవుతారు.

మన గల్ఫ్ వలసదారులకు ఈ బంధం విలువ బాగా తెలుసు. రాత్రి డ్యూటీ దిగిన నర్సు వాట్సాప్ గుంపులో ప్రార్థన మనవి పెడితే, ఊళ్లో పాస్టరమ్మ గారు చూసి ఫోన్ చేస్తారు. అక్కడ సంఘం అంటే ఆ పలకరింపే.

అయినా తెర మీద కుదరనివి కొన్ని ఉన్నాయి. ఇంటర్నెట్‌లో బాప్తిస్మం వంటి సంస్కారాలు ఉండవని కతోలిక సంఘం 2002లోనే ఒక పత్రంలో స్పష్టం చేసింది. అదే సంఘం తరఫున పోప్ 16వ బెనెడిక్ట్ 2013లో సోషల్ నెట్‌వర్కులను సువార్తకు కొత్త వేదికలుగా గుర్తించారు. ఈ రెండు మాటలకూ పొసగకపోవడం ఏమీ లేదు. పరిచయం ఆన్‌లైన్‌లో మొదలుకావచ్చు. బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం, జబ్బుపడినప్పుడు పక్కన కూర్చోవడం మాత్రం మనుషులు కలుసుకునే చోటే జరగాలి.

మన దేశంలో మతాన్ని ప్రచారం చేసుకునే హక్కును రాజ్యాంగం 25వ అధికరణ ఇచ్చింది. ప్రచార హక్కు అంటే మరొకరిని మతం మార్చే హక్కు కాదని సుప్రీంకోర్టు 1977లో తీర్పు చెప్పింది. ఎదుటివారి మనస్సాక్షికీ అంతే స్వేచ్ఛ ఉందన్నది దాని సారం.

కాబట్టి ఆన్‌లైన్‌లో సువార్త చెప్పేవారు తామెవరో, ఎందుకు మాట్లాడుతున్నారో ముందే చెప్పాలి. నమ్మి చెప్పుకున్న బాధను సాక్ష్యం పేరుతో ఇతర గుంపులకు పంపకూడదు. ప్రార్థిస్తాం గానీ మందులు మానేయమని అనకూడదు. వద్దన్నవారిని వెంటాడకూడదు. వ్యూస్ ఎన్ని వచ్చాయన్నది పరిచర్యకు కొలత కాదు. వచ్చిన మనిషి నమ్మినా నమ్మకపోయినా, అక్కడ తనకు గౌరవం దక్కిందని అనుకోగలగాలి. ప్రేమను ప్రకటించే సువార్తకు అదే మొదటి రుజువు.