దిల్‌సుఖ్‌నగర్ నుంచి గ్రీకు దీవికి...

‘‘గ్రీసా? గదెక్కడుంది సార్? దుబాయ్ పక్కనా?’’

చైతన్యపురి సందులో జిరాక్సు షాపు కుర్రాడు నా బ్యాంకు స్టేట్‌మెంట్లు తిప్పుతూ అడిగిన ప్రశ్న ఇది. రోజూ అమెరికా, ఆస్ట్రేలియా, జర్మనీ కాగితాలు జిరాక్సు తీసే చెయ్యి అతనిది. ఆ దేశాలన్నీ అతనికి ఎల్బీనగర్ చౌరస్తా అంత దగ్గర. గ్రీసు మాత్రం కొత్త.

‘‘పిల్లల చదువుకా సార్?’’

‘‘కాదు బాబూ, వెళ్లి తిరిగి రావడానికి’’ అన్నాను. ఈ పేటలో పాస్‌పోర్టు పట్టుకున్నవాడెవడూ అలాంటి మాట అనడు కాబోలు, నన్నో వింత మనిషిలా చూశాడు.

నిజానికి మాకూ ఇది వింతే. నేను రిటైరైన బడిపంతుల్ని. నేనూ మా ఆవిడా కలిసి చేసిన అతి పెద్ద విహారయాత్ర ఊటీ. మరి గ్రీకు దీవి ఎందుకంటారా? మా అమ్మాయి కోసం!

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల మెట్లెక్కి దిగిన పిల్లే. ఎం.ఎస్. చదవడానికి జర్మనీ వెళ్లింది, అక్కడే ఉద్యోగంలో చేరింది. చూసి మూడేళ్లయింది. ఈ జూన్‌లో పది రోజులు సెలవు దొరుకుతుందని ఫోన్ చేసింది. ‘‘ఇంటికి రావే తల్లీ’’ అంది వాళ్లమ్మ. అది ఒక్క క్షణం ఆగి, ‘‘అమ్మా, ఇంటికొస్తే రెండు రోజులు ప్రయాణం, మూడు రోజులు చుట్టాలు, మూడు రోజులు పెళ్లిచూపులు. మీతో గడిపేది ఒక్క పూట’’ అంది. అబద్ధమనడానికి మాకు నోరు రాలేదు. పోనీ జర్మనీకే వెళ్దామంటే, అద్దెకున్నది ఒంటి గది, పొద్దున ఆఫీసుకెళ్తే సాయంత్రానికి గాని రాదు. ‘‘మనం ముగ్గురం, ఒక సముద్రం, మనల్ని ఎవరూ ఎరగని ఊరు... అలాంటి చోటు చూద్దాం నాన్నా’’ అంది. సముద్రం చూస్తూ అన్నం తినాలన్నది దాని చిన్నప్పటి కోరిక. మేమేమో సరూర్‌నగర్ చెరువు గట్టు మీద మిరపకాయ బజ్జీలతో సరిపెట్టాం.

ఆరు వేలల్లో ఒకటి

గ్రీసులో చిన్నా పెద్దా కలిపి దీవులు ఆరు వేల దాకా ఉన్నాయి. మనుషులుండేవి 227. సినిమా పాటల్లో హీరో హీరోయిన్ల వెనక కనిపించే తెల్ల ఇళ్లు, నీలి గుమ్మటాల ఊరు శాంతోరిని. మేమూ మొదట దానికే ఓటేశాం. గదుల ధరలు చూశాక ఓటు వెనక్కి తీసుకున్నాం. వేసవిలో పెద్ద పెద్ద విహార నౌకలు తెచ్చి దింపే జనంతో అక్కడి సందులు ఆదివారం సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ బస్టాండులా ఉంటాయట. ఆ సంబరం కోసం అంత దూరం వెళ్లడమెందుకు?

అప్పుడు అమ్మాయి ఒక సూత్రం చెప్పింది. విమానాశ్రయం లేని దీవి వెతకాలి. పడవలో తప్ప చేరలేని చోటుకు జనం తక్కువ, ధరలూ కొంత నయం. సైక్లడీస్ అనే దీవుల గుంపులో ఫొలెగాండ్రోస్, అమోర్గోస్, అనాఫీ, దొనూసా లాంటివన్నీ ఈ కోవలోవే. చివరికి మా వేలు సిఫ్నోస్ మీద ఆగింది. విస్తీర్ణం సుమారు 74 చదరపు కిలోమీటర్లు, జనాభా మూడు వేల లోపు. మన కొత్తపేటలో నాలుగు అపార్టుమెంటు వీధులు కలిపితే అంతకన్నా ఎక్కువే తేలతారేమో!

వేలు ఆగడానికి కారణం మాత్రం శనగలు. మా ఆవిడ శాకాహారి. ‘‘అన్నం దొరక్కపోయినా సర్దుకుంటాను. ఎదుటి పళ్లెంలో చేప కళ్లు నన్ను చూస్తుంటే నావల్ల కాదు’’ అని ముందే చెప్పేసింది. సిఫ్నోస్ కుమ్మరులకు, వంటలకు పేరుపడ్డ దీవి. గ్రీకుల ఇళ్లలో వంటల పుస్తకమంటే గుర్తొచ్చే నికొలావోస్ సెలెమెంతేస్ పుట్టిన ఊరు. అక్కడ శనివారం రాత్రి తెల్ల శనగలు, ఉల్లిపాయ, ఆలివ్ నూనె మట్టికుండలో వేసి, మూతపెట్టి, కట్టెల పొయ్యిలో తెల్లవార్లూ ఉడికిస్తారు. ఆదివారం మధ్యాహ్నం భోజనం అదే. పేరు రెవిథాదా. శనగలు రుబ్బి చేసే వడలు కూడా ఉన్నాయి. శ్రావణ మంగళవారం వాయనాల శనగలు ఎన్నేళ్లుగానో తింటున్న మనిషికి ఇంతకన్నా భరోసా ఏం కావాలి?

ఇంకో సంగతి. అక్కడి ఆర్థొడాక్స్ క్రైస్తవులకు ఏడాదిలో ఉపవాస దినాలు చాలా. ఆ రోజుల్లో మాంసం, గుడ్డు, పాలు ముట్టరు. ఆ వంటల్ని ‘నిస్తీసిమో’ అంటారు. హోటల్లో ఈ ఒక్క మాట చెబితే సగం పని అయిపోతుంది. సగమే సుమా! ఆక్టోపస్, రొయ్యలు వాళ్ల లెక్కలో ఉపవాసానికి అడ్డం కావు. కాబట్టి చేపలు, రొయ్యలు కూడా వద్దని విడిగా చెప్పుకోవాల్సిందే. ఇంకో తిరకాసు... గ్రీకులో ‘నే’ అంటే అవును! ‘‘చేప తింటారా?’’ అన్నప్పుడు కంగారులో ‘‘నే... నేను...’’ అని నీళ్లు నమిలితే పళ్లెం వచ్చేస్తుంది.

ఒకప్పుడు ఈ దీవి వెండి బంగారాల గనులతో తులతూగింది. క్రీ.పూ. 525 ప్రాంతంలో డెల్ఫీ క్షేత్రంలో సిఫ్నోస్ వాళ్లు కట్టించిన పాలరాతి ఖజానా శిల్పాలు ఇప్పటికీ అక్కడి మ్యూజియంలో ఉన్నాయి. అపోలో దేవుడికి ఇవ్వాల్సిన పదో వంతు పేరాశతో ఎగ్గొట్టారనీ, సముద్రం పొంగి గనుల్ని ముంచేసిందనీ పాత కథ. మొక్కు ఎగ్గొడితే ఊరుకునే దేవుడు అక్కడా లేడన్నమాట!

మన పూర్వులకు గ్రీకులు యవనులు. రెండో శతాబ్దంలో టాలెమీ రాసిన భూగోళంలో మన కృష్ణా తీరం ‘మైసోలియా’. అందులోని ‘కొంటకోస్సిల’ మన ఘంటసాలే అంటారు. వాళ్ల గ్రంథంలో మన ఊరు ఎక్కిన పద్దెనిమిది వందల ఏళ్లకు మేం బాకీ తీరుస్తున్నాం.

చిట్టీ తెచ్చిన చిక్కు

గ్రీసు షెంగెన్ దేశం. ఆ ఒక్క వీసాతో 29 దేశాలు తిరగొచ్చు. కానీ ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశానికే దరఖాస్తు చెయ్యాలి. అమ్మాయికి ఈ బాధ లేదు, జర్మనీ నివాస అనుమతి కార్డు చాలు. మాకు మాత్రం తప్పదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కనీసం పదిహేను రోజుల ముందైనా పెట్టాలి. మామూలుగా పదిహేను రోజుల్లో తేల్చాలి గాని, అనుమానం వస్తే 45 రోజుల దాకా పట్టొచ్చు. రుసుము 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకు 90 యూరోలు. 2025లో యూరో వంద రూపాయలు దాటింది కాబట్టి తొమ్మిది వేల పైమాటే. దరఖాస్తు కేంద్రం వాళ్ల చార్జీలు దీనికి అదనం. వీసా రాకపోతే రుసుము తిరిగి రాదు. ముప్పై వేల యూరోలకు తగ్గని వైద్య బీమా తప్పనిసరి. పాస్‌పోర్టుకు తిరుగు ప్రయాణం తర్వాత మూడు నెలలైనా గడువుండాలి.

ఇవన్నీ చదివి, పెన్షన్ కాగితాలు, ఇన్‌కంటాక్స్ రిటర్నులు, ఇంటిపన్ను రసీదు సర్దుకుని, ఇక తిరుగులేదనుకున్నాను. మా సందులో ట్రావెల్స్ నడిపే మిత్రుడు బ్యాంకు స్టేట్‌మెంటు మీద వేలు పెట్టి, ‘‘సార్, ఇదేంది?’’ అన్నాడు.

ఫిబ్రవరిలో నేను పాడుకున్న చిట్టీ. ఈ ప్రయాణానికనే పాడాను. నెలనెలా పెన్షన్ తప్ప ఏమీ పడని ఖాతాలో రెండున్నర లక్షలు ఒక్కసారిగా వచ్చి కూర్చున్నాయి. చూపించడానికి అప్పు తెచ్చి వేసిన డబ్బు సరిగ్గా ఇలాగే కనబడుతుందట! వీసా అధికారికి చిట్టీ అంటే ఏం తెలుసు? నాలుగేళ్లు నెలనెలా కట్టిన సొమ్మని ఎవరు చెబుతారు?

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. డబ్బు గురించి కాదు. అది సెలవు ఖాయం చేసుకుంది. మా వీసా రాకపోతే దాని పది రోజులూ పోయినట్టే. మళ్లీ సెలవు ఎప్పుడో!

‘‘ఎవరి ఖాతాలోనైనా తిప్పేద్దామా?’’ అన్నాను పొద్దున్నే. ‘‘ఉన్నది ఉన్నట్టు రాయండి. నలభై ఏళ్లు పిల్లలకు అదే చెప్పారుగా’’ అంది మా ఆవిడ కాఫీ పెడుతూ. చిట్టీ పాస్‌బుక్కు, కంపెనీ ఇచ్చిన చెల్లింపు కాగితం, నెలనెలా కట్టిన రసీదులు జత చేశాను. ఇది పొదుపు పథకమనీ, ఇన్ని నెలలు కట్టాననీ, ఈ ప్రయాణానికే తీసుకున్నాననీ ఉత్తరంలో నాలుగు వాక్యాలు రాశాను. అమ్మాయి ఆఫీసు సెలవు కాగితం, నివాస కార్డు నకలు కూడా పెట్టాం. మీలో ఎవరైనా ఈ పనిలో ఉంటే చిట్టీ డబ్బు నాలుగైదు నెలల ముందే ఖాతాలో వేసుకోండి. రసీదులు పారేయకండి. ఉత్తుత్తి హోటల్ బుకింగులు చూపిద్దామనే ఏజెంట్ల మాట వినకండి. ఉచితంగా రద్దు చేసుకునే నిజం బుకింగులే బోలెడు దొరుకుతాయి. విమానం టికెట్టుకు మాత్రం వీసా వచ్చేదాకా డబ్బు కట్టకపోవడమే మంచిది.

గాలి మాట వినాలి

దారి ఇదీ. ఎల్బీనగర్‌లో పుష్పక్ బస్సెక్కి శంషాబాద్. అక్కడి నుంచి దుబాయ్, దోహా, అబుదాబీల్లో ఎక్కడో ఒకచోట విమానం మారి ఏథెన్స్. విమానాశ్రయం నుంచి పిరేయస్ రేవుకు 2022 అక్టోబరు నుంచి నేరుగా మెట్రో ఉంది, సుమారు గంట. (మన ఎల్బీనగర్‌కు 2018లోనే మెట్రో వచ్చింది గాని, ఎయిర్‌పోర్టుకు వెళ్లే మెట్రో కోసం మనం ఎదురుచూస్తూనే ఉన్నాం.) పిరేయస్ నుంచి సిఫ్నోస్‌కు వేగం పడవలో మూడు గంటల లోపు, మామూలు ఓడలో అయిదు గంటల పైన. మేం మామూలు ఓడే అనుకున్నాం. టికెట్టు తక్కువ, డెక్ మీద కూర్చోవచ్చు. పైగా గాలి పెరిగితే మొదట ఆగేవి వేగం పడవలే.

గాలంటే అక్కడ ‘మెల్తెమి’ అని ఉత్తరపు గాలి. జులై, ఆగస్టుల్లో విజృంభిస్తుంది. మరీ ముదిరితే అధికారులు ఓడల్ని రేవు దాటనివ్వరు. దీవిలో చిక్కుకుంటే ఇండియా విమానం మన కోసం ఆగదు కదా! అందుకే తిరుగు విమానానికి ముందు రోజు రాత్రి ఏథెన్స్‌లోనే ఉండాలన్నది మా ప్రణాళికలో మార్చరాని గీత. అయిదు రాత్రులు సిఫ్నోస్, మూడు రాత్రులు ఏథెన్స్. ఆగస్టు 15 వాళ్లకు మరియమాత పండుగ. అప్పుడు గదులు దొరకడం గగనం. జూన్ మొదటి వారాల్లో గాలీ తక్కువ, రద్దీ తక్కువ.

దీవి రాజధాని అపొలోనియా కొండ మీద ఉంది, మా ఆవిడ మోకాళ్లు ఒప్పుకోవు. కమారెస్ రేవులోనే గది చూశాం. ఓడ దిగితే నడిచి వెళ్లొచ్చు, ఎదురుగా ఇసుక తీరం. అక్కడి నుంచి బస్సులున్నాయి కాబట్టి కారు అక్కర్లేదు. రాతి కొస మీద ఉన్న క్రిసోపిగి మఠం చూడాలని అమ్మాయి రాసిపెట్టుకుంది. హోటల్ స్థాయిని బట్టి సీజన్లో రాత్రికి రెండు నుంచి పదిహేను యూరోలు ప్రభుత్వ పన్ను గదికి విడిగా కట్టాలి. ఇది చాలామందికి తెలియదు. అన్నీ కలిపి ఇద్దరికీ మూడు లక్షలు దాటకూడదని చిట్టీ మీద ఒట్టు.

నెయ్యి వద్దు... మామిడి వద్దు!

పాస్‌పోర్టులు ఇచ్చేసిన మర్నాడు శనివారం. ఊరికే కూర్చోలేక మా ఆవిడ తెల్ల శనగలు నానబోసి, మట్టికుండలో బిర్యానీ ఆకు, ఉల్లిపాయ వేసి సన్నని సెగ మీద రాత్రంతా కాకపోయినా నాలుగు గంటలు ఉడికించింది. నిమ్మరసం పిండి ముద్ద నోట్లో పెట్టుకుని, ‘‘బానే ఉంది. ఇంగువ లేదు పాపం వాళ్లకి’’ అంది.

పదిహేడో రోజున కొరియర్ వచ్చింది. కవరు నేను చించలేదు, ఆమే చించింది. రెండు పాస్‌పోర్టుల్లోనూ స్టిక్కర్లున్నాయి. కళ్లజోడు పెట్టుకుని తేదీలు మూడుసార్లు చదివించింది. ఆ సాయంత్రమే విమానం టికెట్లు కొన్నాం.

ఇప్పుడు మా హాల్లో సూట్‌కేసు తెరిచే ఉంది. పాలు, నెయ్యి, మాంసం ఐరోపా సమాఖ్యలోకి ప్రయాణికులు తీసుకెళ్లడానికి వీల్లేదు. పళ్లల్లో అరటి, కొబ్బరి, అనాస, ఖర్జూరం లాంటి కొన్నింటికే మినహాయింపు. మామిడి అందులో లేదు! అది తెలిసి మా ఆవిడ ముఖం చిన్నబోయింది. బంగినపల్లి పళ్లు ఇద్దామని దాని ఆశ... అంటే, ఈవిడ ఆశ. కొత్తావకాయకు మాత్రం అభ్యంతరం లేదు. రెండు కిలోలు మూడు కవర్లలో చుట్టి, పైన టేపు వేసి, మళ్లీ డబ్బాలో పెట్టింది.

నిన్న రాత్రి అమ్మాయి ఫోన్ చేసింది. ‘‘అమ్మా, ఏథెన్స్‌లో నా విమానం మీకన్నా రెండు గంటలు ముందు దిగుతుంది. బయటే నిలబడి ఉంటాను. ఏం తేవాలి మీకు?’’

‘‘పెరుగు దొరుకుతుందా అక్కడ?’’ అంది వాళ్లమ్మ.

‘‘గ్రీసమ్మా అది! పెరుగుకే పేరు!’’

‘‘అయితే నువ్వొస్తే చాలు’’ అని ఫోన్ నాకిచ్చి, ఆవకాయ డబ్బాను మరోసారి తూకం వేయడానికి వెళ్లింది.