రాడార్లు, మిలిటరీ తరంగాలు, మన ఆరోగ్యం

ఈ మధ్య వార్డులో బి.పి. చూస్తుంటే నాగాయలంక వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి అడిగాడు. "సిస్టర్ గారూ, మా గుల్లలమోద దగ్గర మిలిటరీ వాళ్లు మిస్సైళ్లు పెడుతున్నారంట. రాడార్లు కూడా వస్తాయంట. మా అమ్మకు పేస్‌మేకర్ ఉంది గదా, ఊరు మారిపోవాలంటారా?" నేను జవాబు చెప్పేలోపే పక్క మంచం దగ్గర కూర్చున్న గుడివాడ ఆవిడ, "రాడార్ ఉన్నచోట పిల్లలు పుట్టరంట గదండీ, కేన్సర్ కూడా వస్తుందంట" అన్నారు. ఆ రాత్రి ఆ నాలుగు మంచాల దగ్గర ఎవరికీ నిద్ర లేదు. ఇలాంటి ప్రశ్నలు తరచుగా వస్తున్నాయి గనుక తెలిసినంత వరకు ఇక్కడ వ్రాస్తున్నాను.

ముందుగా మన చుట్టుపక్కల ఏమున్నదో చూద్దాం. నాగాయలంక మండలం గుల్లలమోద దగ్గర డి.ఆర్.డి.ఓ. వారి క్షిపణి పరీక్షా కేంద్రానికి 2025 మే 2న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. వదిలిన క్షిపణి ఎటు పోతున్నదో కనిపెట్టడానికి ఇలాంటి చోట రాడార్లు వాడతారు. బందరులో వాతావరణ శాఖ వారి డాప్లర్ రాడార్ ఉంది. ఇక బందరు బెల్ ఫ్యాక్టరీ గురించి కూడా కొందరు భయంగా అడుగుతారు. అక్కడ ముఖ్యంగా తయారయ్యేది చీకట్లో చూసే పరికరాలు. అవి ఉన్న కాస్త వెలుతురునే పెద్దది చేసి చూపిస్తాయి గాని రాడార్ లాగా తరంగాలు చిమ్మవు.

ఈ భయం మన దగ్గరే మొదలైంది కాదు. వికారాబాద్ జిల్లా పూడూరు మండలం దామగుండం అడవిలో నౌకాదళం వారి కేంద్రానికి 2024 అక్టోబర్ 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు. దాదాపు 2,900 ఎకరాల అటవీ భూమి ఇచ్చారు. చెట్లు పోతాయని, మూసీ నదికి నీళ్లు తగ్గుతాయని, రేడియేషన్ వల్ల జబ్బులు వస్తాయని అక్కడి వాళ్లు ఆందోళన చేశారు. చెట్ల మాట, నీళ్ల మాట న్యాయంగా అడగవలసినవే. రేడియేషన్ సంగతి వచ్చేసరికి మాత్రం ఒక పొరపాటు జరిగింది. అందరూ "రాడార్ స్టేషన్" అన్నారు, టీవీల్లోనూ అదే మాట. నిజానికి అది రాడార్ కాదు. సముద్రం అడుగున తిరిగే జలాంతర్గాములకు సందేశం పంపే రేడియో స్టేషన్. 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ లోపు, అంటే చాలా నిదానమైన తరంగాలు. ఒక్కొక్క అల పొడవు 10 నుంచి 100 కిలోమీటర్లు ఉంటుంది. బందరులో మొదలైన అల గుడివాడలో ముగిసిందనుకోండి, అంత. అటువంటి అలలే ఉప్పునీటి లోపలికి కొంత లోతు వరకు దిగగలవు. తమిళనాడులో తిరునెల్వేలి దగ్గర ఐ.ఎన్.ఎస్. కట్టబొమ్మన్ అనే ఇలాంటి కేంద్రం 1990 నుంచి ఉన్నది.

అమెరికాలో కూడా ఇదే గొడవ వచ్చింది. శత్రువు రాడార్‌ను పసిగట్టడం, దాన్ని తికమక పెట్టడం నేర్పడానికి వాషింగ్టన్ రాష్ట్రపు ఒలింపిక్ అడవుల్లో లారీల మీద ట్రాన్స్‌మిటర్లు పెడతామని నౌకాదళం చెప్పినప్పుడు, అక్కడి జనం అడిగినవీ మన వార్డులో అడిగినవీ దాదాపు ఒకటే.

రేడియేషన్ అన్నీ ఒకటేనా?

కాదు. ఈ ఒక్క మాట దగ్గరే చాలా భయం పుడుతున్నది. ఎక్స్‌రే, సి.టి. స్కాన్, కేన్సర్‌కు ఇచ్చే రేడియేషన్ వైద్యం, ఇవి ఒక జాతి. వీటికి కణం లోపలి జన్యు పదార్థాన్ని తెంపే శక్తి ఉన్నది. అందుకే ఎక్స్‌రే గదిలో సీసపు ఆప్రాన్ వేస్తాము, గర్భిణీ స్త్రీని ముందే అడుగుతాము. రేడియో, టీవీ, సెల్‌ఫోన్, రాడార్ తరంగాలు వేరే జాతి. వాటికి తెంపే శక్తి లేదు. ఎక్కువ మోతాదులో, చాలా దగ్గరగా తగిలితే శరీరాన్ని వేడి చేస్తాయి.

ఆ వేడి ఎట్లా ఉంటుందో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. నడుం నొప్పికి, మోకాలి నొప్పికి "కరెంటు పెట్టించుకోవడం" అంటారే, అందులో షార్ట్‌వేవ్ మిషను రేడియో తరంగాలతోనే కండను లోపల వేడి చేస్తుంది. పావుగంట పెడితే హాయిగా ఉంటుంది, మోతాదు మించితే కాలుతుంది. రాడార్ ఏంటెన్నా ముందు, కంచె లోపల నిలబడినా అదే ప్రమాదం. కంటిపాపకు, పురుషుల వృషణాలకు రక్తప్రసారం ద్వారా వేడి త్వరగా పోదు గనుక వాటికి ముందు దెబ్బ తగులుతుంది. పిల్లలు పుట్టరన్న మాట అక్కడ నుంచి పుట్టి ఉంటుంది. కంచె బయట ఊళ్లలో అలా జరుగుతుందనడానికి ఆధారం లేదు. దూరం రెండింతలు అయితే తరంగం బలం నాలుగో వంతుకు పడిపోతుంది, పదింతలైతే నూరో వంతుకు. పొయ్యి దగ్గర చెయ్యి పెట్టడానికీ వీధి అరుగు మీద కూర్చోవడానికీ ఉన్న తేడా ఇది.

శరీరం బరువులో కిలోకు 4 వాట్ల శక్తి చేరితే వేడి ప్రభావం కనబడుతుందని లెక్క వేసి, అందులో 50వ వంతును సామాన్య జనానికి హద్దుగా పెట్టారు. దామగుండం లాంటి చోట వాడే నిదానపు తరంగాలకు వేడి కన్నా షాక్ సంగతి ముఖ్యం. ఏంటెన్నాకు బాగా దగ్గరలో ఉన్న ఇనుప కంచెను, రేకును ముట్టుకుంటే చురుక్కుమనవచ్చు. అందుకే అంత స్థలం చుట్టూ వదిలి కంచె వేస్తారు.

కేన్సర్ మాట

దీన్ని దాచకుండా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి కేన్సర్ పరిశోధనా విభాగం 2011లో రేడియో తరంగాలను "కేన్సర్ కలిగించే అవకాశం ఉండవచ్చు" అనే తరగతిలో పెట్టింది. అంటే రుజువైందని కాదు, అనుమానం పూర్తిగా తీరలేదని. ఆ తరువాత అదే ఆరోగ్య సంస్థ కోరగా జరిగిన పెద్ద సమీక్ష 2024లో వచ్చింది. సెల్‌ఫోన్ వాడకానికీ మెదడు కేన్సర్‌కూ సంబంధం కనబడలేదని అందులో తేలింది. మన దేశంలో సెల్ టవర్లకు అంతర్జాతీయ హద్దులో పదో వంతు మాత్రమే అనుమతించే నియమం 2012 సెప్టెంబర్ 1న పెట్టారు. అనుమానం ఉన్నవాళ్లు రుసుము కట్టి టెలికం శాఖ వారి చేత కొలిపించుకునే ఏర్పాటు 2017లో వచ్చింది. అది టవర్లకే. రక్షణ శాఖ వారి కేంద్రాల దగ్గర కూడా కంచె బయట కొలిచి, ఆ అంకెలు పంచాయతీ బోర్డు మీద వ్రాయమని అడగడం తప్పు కాదు. నేనైతే అడగమనే చెబుతాను. దేశ రక్షణ రహస్యాలు చెప్పమని అడగడం లేదు గదా, మా వీధిలో ఎంత ఉందో చెప్పమంటున్నాము.

పేస్‌మేకర్ ఉన్నవారికి

ఆ అబ్బాయికి నేను చెప్పింది ఇది. ఊరు మారనక్కరలేదు, ఇంట్లో జాగ్రత్త పడండి. సెల్‌ఫోన్‌ను చొక్కా జేబులో పెట్టుకోకూడదు, పేస్‌మేకర్‌కు కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో, రెండో వైపు చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడాలి. ఇండక్షన్ స్టవ్‌కు రెండడుగులు ఎడంగా నిలబడాలి. వెల్డింగ్ షాపు దగ్గర, నడుస్తున్న జనరేటర్ మీదకు వంగి నిలబడవద్దు. నడుం నొప్పికి కరెంటు పెట్టించుకునే ముందు, ఎం.ఆర్.ఐ. తీయించుకునే ముందు పేస్‌మేకర్ ఉందని తప్పక చెప్పండి. ఆ కార్డు ఎప్పుడూ పర్సులోనే ఉండాలి. మిలిటరీ హెచ్చరిక బోర్డు ఉన్నచోట కంచె దాటి గేదెల కోసమో, చేపల కోసమో లోపలికి పోవద్దు. ఇది పేస్‌మేకర్ లేనివారికి కూడా.

రాడార్ అంటేనే హడలిపోయేవారికి ఒక మాట. 1977 నవంబర్ 19న ఉప్పెన వచ్చి దివిసీమలో వేలమంది పోయిన రాత్రి, ఇప్పుడు బందరులో ఉన్న డాప్లర్ రాడార్ లేదు. నేడు తుఫాను ఇంకా సముద్రంలో ఉండగానే అది పంపే తరంగాలు వాన మేఘాన్ని తాకి తిరిగి వచ్చి మనల్ని లేపుతున్నాయి.

నాకు వేరే దిగులు ఉన్నది. కొన్నేళ్ల క్రితం ఒక తల్లిని రొమ్ములో గడ్డతో తీసుకువచ్చారు. గడ్డ చిన్న చింతగింజంత ఉన్నప్పుడే ఆమె చూసుకున్నది. ఇంటివాళ్లు అది సెల్ టవర్ వల్ల వచ్చిందని నమ్మి, టవర్ తీయించమని అర్జీలు పెడుతూ ఎనిమిది నెలలు గడిపారు. టవర్ తీసేస్తే గడ్డ కరుగుతుందని ఎవరో చెప్పారట. మా దగ్గరకు వచ్చేసరికి చంకలో కూడా గడ్డలు కట్టాయి. ఆమె భర్త నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "టవర్ వల్లే గదా సిస్టర్?" అని. నేను ఏమీ అనలేకపోయాను. అర్జీ పెట్టండి, దానికి ఎవరూ అడ్డు చెప్పరు. కాని రొమ్ములో గడ్డ, మానని పుండు, కారణం లేని రక్తస్రావం, రెండు మూడు వారాలకు మించి గొంతు బొంగురు కనబడితే అర్జీ వ్రాసే రోజునే ఆస్పత్రికి కూడా రండి. ఓ.పి. చీటీ తీసుకునేటప్పుడు ఆడవాళ్లకు చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉంటే సిస్టర్‌ను పిలవమని అడగండి, పక్కకు తీసుకువెళ్లి వింటాము.