ధార సన్నబడిందా? ముందు ‘మ్యాప్’ తీయించండి!

‘‘ఏందిరా, బాత్రూమ్‌లో నిద్రపోతున్నావా?’’ అని మా బావ తలుపు కొట్టినప్పుడు నవ్వేసి ఊరుకున్నా. నరసరావుపేటలో ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తున్న రోజులవి. యూరిన్‌కి వెళ్తే ఐదు నిమిషాలు. ధార సన్నగా, రెండు పాయలుగా వచ్చేది. అయిపోయాక కూడా ఇంకా ఉన్నట్టే ఉండేది. ఇరవై ఎనిమిదేళ్లకి ప్రొస్టేట్ ఏంటి అని గూగుల్‌ని అడిగా తప్ప మనుషుల్నెవర్నీ అడగలేదు. సిగ్గు!

ముందు చూపించుకున్న చోట ఇన్‌ఫెక్షన్ అన్నారు. మూడుసార్లు యాంటీబయాటిక్స్ వాడా. వారం బాగుండేది, మళ్లీ మామూలే. ఒక రాత్రి మొత్తానికే ఆగిపోయింది. పొత్తికడుపు రాయిలా బిగుసుకుపోయింది. 2022లో మా ఊరు పల్నాడు జిల్లా కేంద్రమైంది గానీ, ఇలాంటప్పుడు మావాళ్లకి ముందు గుర్తొచ్చేది గుంటూరే. బావ కారులో పడేసి తీసుకెళ్లాడు. కింది నుంచి గొట్టం వెళ్లలేదు. బొడ్డు కింద చిన్న రంధ్రం చేసి, నేరుగా మూత్రాశయంలోకి గొట్టం వేశారు. ప్రాణం లేచొచ్చింది.

యూరాలజిస్ట్ అడిగిన మొదటి ప్రశ్న: ‘‘బాబూ, ఎప్పుడైనా బండి మీద నుంచి పడ్డావా?’’

పడ్డా. రెండేళ్ల కిందట, మాచర్ల రోడ్డులో. పెట్రోల్ ట్యాంకు కాళ్ల మధ్య గట్టిగా తగిలింది. రెండు రోజులు రక్తం చుక్కలు పడ్డాయి. తగ్గాక మర్చిపోయా. అలాంటి దెబ్బకి మూత్రమార్గం ఎముకకీ ట్యాంకుకీ మధ్య నలుగుతుందట. మానేటప్పుడు మచ్చ కట్టి నెమ్మదిగా బిగుస్తుంది. నెలలు పట్టొచ్చు, ఏళ్లూ పట్టొచ్చు. దీన్నే స్ట్రిక్చర్ అంటారు.

‘‘ఇప్పుడే వెడల్పు చేసేస్తే పోదా సార్?’’ అన్నాడు బావ. నా మనసులోనూ అదే ఉంది, సోమవారం ఆఫీసు కాల్ ఉంది మరి. డాక్టర్‌గారు ఒప్పుకోలేదు. మగవాళ్లలో ఈ దారి సుమారు 18-20 సెంటీమీటర్లు. అడ్డు ఎక్కడుంది, ఎంత పొడవుంది అన్నది తెలియకుండా కోస్తే మళ్లీ మూసుకుపోవచ్చు, కొత్త మచ్చ కూడా తయారవ్వొచ్చు. కెమెరా గొట్టం పెట్టి చూసినా అడ్డు మొదలయ్యే చోటే కనిపిస్తుంది. గొట్టం అక్కడే ఆగిపోతే దాని వెనక ఎంతుందో తెలియదు. లాగ్స్ చూడకుండా ప్రొడక్షన్‌లో కోడ్ మార్చినట్టే అనిపించింది నాకు.

కొన్ని వారాలు ఆగి ఆర్‌జీయూ తీశారు. కొసలోంచి అయోడిన్ రంగు మందు నెమ్మదిగా ఎక్కిస్తూ తీసే ఎక్స్‌రే అది. 1910లో కన్నింగ్‌హామ్ అనే అమెరికా డాక్టర్ వర్ణించిన పద్ధతి, ఇప్పటికీ ముందు చేసేది ఇదే. వెల్లకిలా కాదు, పక్కకి వాల్చి, కింది కాలు మడిచి పడుకోబెట్టారు. ఆ వాలు లేకపోతే వంపు తిరిగిన భాగం కుదించినట్టు పడి, అడ్డు అసలు కంటే పొట్టిగా కనిపిస్తుందట. నొప్పా? మంట, బిగుతు. దానికంటే సిగ్గే ఎక్కువ బాధపెట్టింది. తర్వాత పొట్ట గొట్టంలోంచి కూడా మందు పంపి, మూత్రం పోయమని ఇంకో ఫిల్మ్ తీశారు. అదే ఎంసీయూ. రెండు వైపులా తెల్లటి దారి, మధ్యలో దారమంత ఖాళీ. రెండు సెంటీమీటర్ల పైచిలుకు.

మచ్చ ఎంత లోతుందో చూడ్డానికి అల్ట్రాసౌండ్ ఉంది. 1988లో మెకానించ్ బృందం దీని గురించి రాసింది. దారిలో సెలైన్ నింపి పైనుంచి స్కాన్ చేస్తారు, రేడియేషన్ ఉండదు. కటి ఎముక విరిగిన కేసుల్లో ఎంఆర్‌ఐ కూడా ఉపయోగపడుతుంది. ఇవేవీ తీయకముందే అనుమానం తేల్చేది యూరోఫ్లో. మెషీన్‌లో యూరిన్ పోస్తే చాలు. కుర్రాళ్లలో సెకనుకి 15 మిల్లీలీటర్లు దాటకపోతే, గ్రాఫ్ కొండలా లేవకుండా బల్లపరుపుగా సాగితే, ఎక్కడో అడ్డుందని అనుమానించాలి. రంగు మందు పరీక్షకి ముందు మాత్రం ఎలర్జీ ఉంటే చెప్పాలి. ఇన్‌ఫెక్షన్ ఉంటే ముందు అది తగ్గాలి.

ఫిల్మ్ చూశాక డాక్టర్‌గారు మచ్చ ముక్క తీసేసి రెండు కొసలూ కలిపి కుట్టారు. మూడు వారాల గొట్టం, మళ్లీ రంగు మందు, ఎక్కడా లీక్ లేదు.

మొన్న చెకప్‌లో యూరోఫ్లో చేస్తే గ్రాఫ్ కోటప్పకొండలా లేచింది. ఫొటో తీసి బావకి వాట్సాప్ చేశా. ‘‘ఇంకేం, తలుపు కొట్టక్కర్లేదు’’ అన్నాడు.