వ్యర్థాలలో దాగిన శక్తి

అగ్నికి సంస్కృతంలో గల పర్యాయపదాలలో 'వాయుసఖుడు' ఒకటి. వాయువు మిత్రుడుగా గలవాడని దీని అర్థం. గాలి ధారాళంగా అందితే నిప్పు ప్రజ్వరిల్లుతుంది, అందకపోతే ఆరిపోతుంది. ఈ మైత్రిని ఎంతవరకు సాగనివ్వాలో నిర్ణయించగలిగితే, పనికిరాదని పారవేసే ఊక నుండి కూడా విద్యుత్తును పొందవచ్చు.

మొక్కలు సూర్యశక్తిని గ్రహించి తమలో నిలువ చేసుకొంటాయి. కట్టెలు, ఊక, పత్తికట్టె, చెరకుపిప్పి, వేరుశనగ పొట్టు మొదలైనవాటిని జీవద్రవ్యం అంటారు. 100 కిలోల ధాన్యాన్ని మరపట్టిస్తే సుమారు 20 కిలోల ఊక వస్తుంది. ఇటువంటి అవశేషాలను ఆరుబయట తగులబెట్టినప్పుడు వేడి ఆకాశం పాలవుతుంది. పొగ మనుషుల ఊపిరితిత్తుల పాలవుతుంది.

గాలి సోకకుండా జీవద్రవ్యాన్ని 400 నుండి 600 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేస్తే అది మండదు. బొగ్గుగా, నూనెగా, వాయువుగా విడిపోతుంది. దీనినే ఉష్ణవిచ్ఛేదనం లేదా పైరాలిసిస్ అంటారు. సర్కారుతుమ్మ కట్టెలను పేర్చి, ఆకులూ మట్టీ కప్పి కాల్చే బొగ్గుబట్టీలో జరిగేది ఇదే. నెమ్మదిగా వేడిచేస్తే బొగ్గు ఎక్కువగా, అతివేగంగా వేడిచేస్తే నూనె ఎక్కువగా లభిస్తాయి.

పూర్తిగా మండడానికి కావలసిన గాలిలో నాలుగోవంతు నుండి మూడోవంతు వరకు మాత్రమే అందించే విధానం వాయూకరణం, అనగా గ్యాసిఫికేషన్. కొంత ఇంధనం మండి వేడిని పుట్టిస్తుంది. ఎర్రగా కాలిన బొగ్గు మీదుగా బొగ్గుపులుసు వాయువు, నీటియావిరి ప్రసరించినప్పుడు కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ ఏర్పడతాయి. ఈ మిశ్రమమే ప్రొడ్యూసర్ గ్యాస్. ఇందులో సుమారు సగం మండని నత్రజనియే అయినా, ఇది ఇంజన్లను నడపగలదు. రెండవ ప్రపంచయుద్ధకాలంలో పెట్రోలు కరువైనప్పుడు ఐరోపాలో లక్షలాది వాహనాలు కట్టెల వాయువుతోనే నడిచాయి.

మన దేశంలోనూ దీనికి నిదర్శనాలున్నాయి. 1988లో కర్ణాటకలోని తుమకూరు జిల్లా హొసహళ్లిలో భారతీయ విజ్ఞానసంస్థ శాస్త్రజ్ఞులు ఇటువంటి విద్యుత్కేంద్రాన్ని నెలకొల్పారు. అది ఆ చిన్న పల్లెకు దీపాలను, తాగునీటిని, పిండిమరను అందించింది. 2007లో బీహారులోని తమ్కుహా గ్రామంలో ఊకతో తీసిన వాయువు విద్యుద్దీపాలను వెలిగించింది.

అయితే ఈ విద్యలో చిక్కులు లేకపోలేదు. వాయువుతోపాటు వెలువడే తారు ఇంజన్‌ను పాడుచేస్తుంది. కనుక వాయువును శుభ్రపరచక తప్పదు. కార్బన్ మోనాక్సైడ్ రంగూ వాసనా లేని విషవాయువు. యంత్రశాలలో ఏమాత్రం లీకైనా ప్రాణాపాయం. పట్టణాల చెత్తలో తడి ఎక్కువైతే దానిని ఆరబెట్టడానికే ఎంతో వేడి ఖర్చవుతుంది. పి.వి.సి. ప్లాస్టిక్ కలిస్తే యంత్రాలను తినివేసే ఆమ్లవాయువు పుడుతుంది. అందువల్ల తడిచెత్తను, పొడిచెత్తను ఇంటివద్దనే వేరుచేయడం ఈ ప్రక్రియకు తొలిమెట్టు.

మరొక విషయం కూడా ఆలోచించదగినది. గడ్డి పశువులకు మేత. ఆకూ అలమూ నేలకు ఎరువు. ఎండుపుల్లలు పేదల పొయ్యికి వంటచెరకు. వీటన్నింటినీ వ్యర్థాలుగా లెక్కించి యంత్రానికే అర్పిస్తే ఒకరి వెలుగు మరొకరికి చీకటి అవుతుంది. ఈ అవసరాలు తీరగా మిగిలినదానినే ఇంధనంగా వాడుకోవాలి. ఉష్ణవిచ్ఛేదనంలో మిగిలే బొగ్గుపొడిని తిరిగి పొలానికి చేరిస్తే అందులోని కర్బనం చిరకాలం నేలలో నిలిచి ఉంటుంది. నేల ఇచ్చినదానిలో కొంతైనా నేలకు చేర్చినప్పుడే ఈ శక్తి తరగకుండా లభిస్తుంది.