నాగార్జునకొండ స్తూపగర్భంలోని గణితం

నాగార్జునకొండ స్తూపాలలో పెక్కింటి పునాది చక్రాకారంలో ఉంటుంది. నడుమ నాభి, అంచున నేమి, రెంటినీ కలుపుతూ ఆకుల వంటి ఇటుక గోడలు. వాటి నడుమ మట్టి.

అర్ధగోళపు వ్యాసం రెట్టింపైతే ఘనపరిమాణం ఎనిమిది రెట్లవుతుంది. వీరపురుషదత్తుని 6వ పాలనా సంవత్సరంలో చాంతిసిరి పూర్తిచేయించిన మహాచైత్యపు వ్యాసం సుమారు 106 అడుగులు. అంతటినీ ఇటుకతో నింపడం మహావ్యయం. ఉత్త మట్టితో నింపితే ఆ ఒత్తిడికి వెలుపలి గోడ నిలవడం కష్టం. ఆకుగోడలు మట్టిని గదులుగా విభజించి, నేమిని నాభితో బంధించాయి.

పూర్తయిన స్తూపంలో ఈ చక్రం కంటికి కనబడదు. దీనిని ధర్మచక్ర సంకేతంగా మాత్రమే చూస్తే స్థపతి లెక్క మరుగవుతుంది. లెక్కగా మాత్రమే చూస్తే కొన్ని చిన్న స్తూపాల గర్భంలో స్వస్తికను ఎందుకు కట్టారో బోధపడదు. లోయ నాగార్జునసాగర్ జలాలలో మునిగినందున, తవ్వకాల నాటి కొలతలను, పటాలను ఈ రెండు దృష్టులతోనూ చదవవలసి ఉంది.